నూట నలభై మూడు బండ్ల సీరియల్

ఆ రోజు పొద్దున్న ఓంప్రకాశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా మిల్లుకు చేరుకోవాలి, గేటు పక్క గదిలో ఉన్న ముసలి కంప్యూటర్‌కు కొత్త ప్రాణం పోయాలి, తొమ్మిదింటికి ఎప్పటిలాగే మైకు పట్టుకుని మొదటి బండిని పిలవాలి. గంట పని. లోకంలో పెద్ద పెద్ద అనర్థాలన్నీ గంట పనిగానే మొదలవుతాయని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆదిలాబాద్ ఊరి బయట ఉన్న ఒక జిన్నింగు మిల్లులో అతను గేటు గుమస్తా. పత్తి బండి రాగానే రైతు పేరు కంప్యూటర్‌లో ఎక్కించడం, ఆ వరుస ప్రకారం మైకులో పిలవడం అతని ఉద్యోగం. మిల్లు ఆవరణ చిన్నది కనుక బండ్లు ఒక లైనులో నిలబడవు. ఒకటి రోడ్డు అవతల మైదానంలో, ఒకటి టైర్ల దుకాణం ముందు, ఒకటి దాబా వెనుక, ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఆగుతాయి. ఈ ఏడు మేనేజరు కైలాసం చీటీలు ఇవ్వడం కూడా మాన్పించాడు. కంప్యూటర్ ఉండగా కాగితం దండుగ అన్నాడు. కాబట్టి ఎవరి తర్వాత ఎవరన్నది ఆ పెట్టె ఒక్కదానికే తెలుసు. రైతులు దాన్ని సీరియల్ అంటారు. ఆ సీరియల్ కోసం కొందరు నాలుగు రోజులుగా చలిలో బండ్ల కిందే కాపురం పెట్టారు.

ఆ పెట్టె మాత్రం నిద్ర లేవడానికి ఇరవై నిమిషాలు తీసుకునేది. ఆలోగా కిటికీ దగ్గర చేరినవాళ్లు ఓంప్రకాశ్ ఏడు తరాలనూ తలుచుకునేవాళ్లు. ఈ బాధ చూడలేక, కరీంనగర్‌లో పాలిటెక్నిక్ పాఠాలు చెప్పే అతని బావ సాయిచంద్ మొన్న ఆదివారం ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

"గిండ్ల కొత్త సిస్టం ఉన్నది బామ్మర్ది. పైస అక్కర లేదు. దేశదేశాలోళ్లు పుణ్యానికి కూసోని తయారు చేసిండ్రు. తెలుగు మాటలు సగం నేనే రాసిన. పెన్‌డ్రైవ్ పెట్టి చాలూ చేసుడు, రెండు మూడు సార్లు నొక్కుడు, గంతే. ఏం భయం లేదు."

ఇంకో మాట కూడా చెప్పాడు. ముందు పాతవన్నీ వేరే దాంట్లో దాచిపెట్టుకొమ్మన్నాడు. సరిగ్గా అప్పుడే ఓంప్రకాశ్ అక్క వంటింట్లోంచి మటన్ గిన్నె తెచ్చింది. ఆ మాట మటన్ కింద పడిపోయింది.

సరే, పెన్‌డ్రైవ్ పెట్టాడు. తెర మీద రెండు వాక్యాలు కనిపించాయి. ఒక చేతిలో చాయ్ గ్లాసు ఉన్న మనిషి రెండో చేత్తో ఏం చేస్తాడో అదే చేశాడు. చదవకుండా పైదాన్ని నొక్కాడు. రెండు నిమిషాల్లో తెర నిండా నీలం కొండలు లేచాయి. అన్నీ తెలుగు అక్షరాలే. "వారెవ్వా బావా!" అనుకుని చాయ్ ఒక గుక్క తాగి, సీరియల్ కోసం వెతికాడు.

లేదు. ఉండే చోట లేదు. ఉండని చోట కూడా లేదు. పాత బొమ్మలు లేవు, పాత ఫైళ్లు లేవు, నూట నలభై మూడు పేర్లు లేవు. ఖాళీ ఇల్లు ఊడ్చి ముగ్గు పెట్టినంత శుభ్రంగా ఉంది.

ఓంప్రకాశ్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు. కిటికీలోంచి చూస్తే మైదానం నిండా తెల్లటి పత్తి కుప్పలు, వాటి పక్కన పళ్లు తోముకుంటున్న రైతులు. ఇంకో నలభై నిమిషాల్లో వాళ్లంతా కిటికీ దగ్గరికి వస్తారు. సాయిచంద్‌కు ఫోన్ చేశాడు. స్విచాఫ్. పరీక్ష హాల్లో డ్యూటీ అని ఆదివారమే చెప్పాడని అప్పుడు గుర్తొచ్చింది.

బావ అతన్ని ఆ సిస్టం తయారుచేసే స్వచ్ఛంద సేవకుల గ్రూపులో చేర్చి ఉన్నాడు. అందులో రాశాడు: "అన్నలారా, అంతా పోయింది. నా పానం కూడా పోయేటట్టున్నది." నాలుగు నిమిషాల్లో తొమ్మిది జవాబులొచ్చాయి. ఒకాయన ఏ వెర్షన్ అని అడిగాడు. ఒకాయన ముందే ఎందుకు దాచుకోలేదని మందలించాడు. బ్రెజిల్ నుంచి ఎవరో శుభోదయం చెప్పారు. ఒకాయన పెన్‌డ్రైవ్ తీశావా అని అడిగాడు గానీ, ఈలోగా ఇద్దరు పెద్దమనుషులు ఈ సిస్టం మంచిదా ఆ సిస్టం మంచిదా అని జగడానికి దిగారు. ఆ ప్రశ్న ఆ జగడం కింద కనబడకుండా పోయింది. అందరూ పుణ్యానికే చెబుతున్నారు కనుక కోప్పడడానికీ వీల్లేదు.

తలుపు తోసుకుని కాంటా అంబదాస్ వచ్చాడు. బండ్ల తూకం అతనిదే.

"కాయ్ ఝాలం, ఏమైంది ఓంప్రకాశ్ భావ్? మొఖం గట్ల పాలిపోయింది?"

"ఏం లేదు... సర్వర్ డౌన్," అన్నాడు ఓంప్రకాశ్. ఆ కంప్యూటర్‌కు సర్వరన్నదే లేదు. కానీ ఆపదలో ఉన్నవాడికి ఆ రెండు మాటలే దేవుడు.

"అరె బాబా! నిరుడు నా కాంటా పూటసేపు ఖరాబైతెనే గేటు పలగొట్టిండ్రు. నీకు ముందటి గుమస్తా ఎనుక గోడ దుంకి ఉరికిండు. ఆయన చెప్పు ఒకటి ఇంక గోదాం రేకుల మీదనే ఉన్నది," అని ఓదార్చి, అంబదాస్ చాయ్ తాగడానికి వెళ్లాడు.

చాయ్ బండి దగ్గర అతను సర్వర్ డౌన్ అన్నాడు. అది టైర్ల దుకాణం చేరేసరికి ఈ రోజు కొనుడు బంద్ అయింది. మైదానంలో నాలుగు రోజులు బంద్ అయింది. దాబా వెనక్కి చేరేసరికి సేటు మిల్లునే అమ్ముకుని నాగ్‌పూర్ వెళ్లిపోయాడు. తొమ్మిది కాకముందే గేటు ముందు రెండు వందల మంది ఉన్నారు.

"లిస్టు సూపియ్యాలె! లిస్టు బయట పెట్టాలె!"

ఓంప్రకాశ్ వెనుక తలుపు తీసి గోడ వైపు చూశాడు. నిరుటి అనుభవం తర్వాత మిల్లువాళ్లు దాన్ని ఇంకో మూడడుగులు లేపారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, చేతిలో ఈ ఒక్క ఉద్యోగం. అవి కళ్ల ముందు తిరిగాయి. ఏడుపొక్కటే తక్కువ. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అదే వెనుక తలుపులోంచి మేనేజరు కైలాసం లోపలికొచ్చాడు. ఎప్పుడూ ఎర్రగా ఉండే మొహం బూడిద రంగులో ఉంది. కోపం హద్దు దాటితే అలాగే ఉంటుంది కాబోలని ఓంప్రకాశ్ అనుకున్నాడు.

"ఏమంటుండ్రు వాళ్లు? లిస్టుకేమాయె?"

"తప్పంత నాదే సార్. నన్నేమన్న అనుండ్రి. లిస్టు ఇగ లేదు."

"లేదంటే? ఎవలన్న సూసిండ్రా?"

"ఎట్ల సూస్తరు సార్? నాకే కనబడుతలేదు."

"ఎవలకన్న ఏమన్న జెప్పినవా?"

"సర్వర్ డౌన్ అన్న."

కైలాసం కుర్చీలో కూలబడి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "మంచిగ జెప్పినవ్," అన్నాడు మెల్లగా, భుజం కూడా తట్టాడు. తిట్టి ఉంటే ఓంప్రకాశ్ తట్టుకునేవాడే. కోసే ముందు మేకకు పచ్చి ఆకు పెడతారని అతనికి తెలుసు. కైలాసం ఫోన్ చేసుకోవాలంటూ గోదాంలోకి జారుకున్నాడు. ఇప్పుడు గదిలో ఓంప్రకాశ్ ఒక్కడు, బయట రెండు వందల మంది.

కిటికీ ఊచలు దడదడలాడాయి. గంగుబాయి. మహారాష్ట్ర సరిహద్దు పల్లె నుంచి ట్రాక్టరు తెచ్చిన మనిషి. నాలుగు రోజుల నుంచి ఆ ట్రాక్టరు కిందే వండుకుని తింటోంది.

"ఏమయ్యా గుమస్తా! సేటు పోయిండట నిజమేనా? నా పత్తికి మంచు కొడుతున్నది. సీరియల్ చెప్తవా, తలుపు ఊడవీకాల్నా?"

తలుపు పాతది. గంగుబాయి చేతులు ఎప్పుడూ పనిలో ఉండే చేతులు. ఓంప్రకాశ్‌కు అబద్ధం చెప్పే ఓపిక కూడా మిగల్లేదు.

"సేటు యాడికి పోలే పెద్దవ్వా. సీరియలే పోయింది. నేనే పోగొట్టిన. కొత్త సిస్టం ఏస్తనని పాతదంత తుడిచేసిన. కొట్టాల్నంటె కొట్టుండ్రి, కాని జర మెల్లగ కొట్టుండ్రి," అని కళ్లు మూసుకున్నాడు.

దెబ్బ పడలేదు. ఒక కన్ను తెరిచాడు. గంగుబాయి నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"గీ ముక్క పొద్దుగాలనే చెప్పద్దా? నా ముందర హనుమండ్లు కాక వచ్చిండు, నేను కండ్లార సూసిన. నా ఎనుక చెన్నూరోళ్ల ఆటో. ఎవని ముందర ఎవడున్నడో వానికి ఎరుకుండదా? మంచు కింద నాలుగు దినాలు పండుకున్నది పెట్టెనా, మేమా?"

చాయ్ బండి నుంచి బొగ్గు వచ్చింది. కొత్తగా సున్నం వేసిన మిల్లు గోడ మీద ఓంప్రకాశ్ రాయడం మొదలుపెట్టాడు. గంగుబాయి పెట్టిన పద్ధతి ఒక్కటే. నీ ముందు ఎవరు, నీ వెనుక ఎవరు? వాళ్లిద్దరూ అవునంటే పేరు గోడెక్కుతుంది. ఎవరికి తప్పనిపిస్తే వాళ్లు వచ్చి దిద్దవచ్చు. కొంత గోల జరిగింది. ఇద్దరన్నదమ్ములు ఒకే నంబరు కోసం అంగీలు పట్టుకున్నారు. ఒకామె తన పేరు చిన్నగా రాశాడని అలిగి, పెద్దగా రాయించుకుంది. వరుస మాత్రం గోడ మీద పాకుతూ పోయింది. ఓంప్రకాశ్ రాస్తూనే వెనక్కి వెనక్కి చూసుకుంటున్నాడు. ఈ జనం ఏ నిమిషం మనసు మార్చుకుంటారో ఎవరికి తెలుసు?

నాలుగో నంబరు హనుమండ్లు పక్కన నిలబడి బీడీ ముట్టించాడు. "గా కొత్త సిస్టం ఎవలు జేసిండ్రు కొడుకా?"

"ఊరూరోళ్లు కాకా. కూలి తీసుకోకుంట చేస్తరు."

"వెట్టికా? దొర ఎవడు?"

"దొర లేడు కాకా. ఇష్టమున్నోడు చేస్తడు, తప్పున్నకాడ ఎవడన్న దిద్దుతడు."

హనుమండ్లు పొగ వదిలాడు. "దొర లేడు, మంచిదే. జర సూసి నొక్కురా అని చెప్పెటోడన్న ఒకడుండాలె."

పదకొండున్నరకు నూట నలభై మూడు పేర్లూ గోడెక్కాయి. ఏడుగురు డ్రైవర్లు మాత్రం తమ ముందు ఎవరున్నారో, వెనుక ఎవరున్నారో చెప్పలేకపోయారు. గంగుబాయి గుచ్చి అడిగితే ఫోన్లు చూసుకున్నారు. వాళ్ల పేర్లు చివర్న పడ్డాయి.

అప్పుడు సాయిచంద్ ఫోన్ చేశాడు. అంతా విని పెద్దగా నవ్వాడు.

"ఓరి పిచ్చోడా! నువ్వు పైదాన్ని నొక్కినవ్. పైది ఊకె చూసేతందుకే. అది పెన్‌డ్రైవ్ మీదనే నడుస్తున్నది, నీ పెట్టెను ముట్టనే లేదు. రెండోది నొక్కితెనే పాతది పోతది. పెన్‌డ్రైవ్ గుంజి మల్ల చాలూ చెయ్యి."

ఓంప్రకాశ్ గదిలోకి పరిగెత్తి పెన్‌డ్రైవ్ లాగేశాడు. పెట్టె తన అలవాటు ప్రకారం ఇరవై నిమిషాలు ఒళ్లు విరుచుకుంది. అతను మొక్కని దేవుడు లేడు, వేములవాడ రాజన్నకు కోడె కూడా మొక్కేశాడు. తెర వెలిగింది. సీరియల్ ఉంది! ఒక్క పేరు పోలేదు. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడ లెక్క ఎంత సరిపోయిందో చూద్దామని చదవడం మొదలుపెట్టాడు. గోడ మీద నాలుగోవాడైన హనుమండ్లు ఇక్కడ పదకొండు. ఐదో మనిషి గంగుబాయి ఇక్కడ పన్నెండు. వాళ్ల ముందు కొత్తగా ఏడు పేర్లు దూరాయి. ఒక్కటీ తాను ఎక్కించింది కాదు. గోడ చివర్న పడ్డ ఏడు బండ్లూ వీళ్లవే కాబోలు. నాలుగో నంబరు కైలాసం బామ్మర్ది. అతనికి పత్తి చేను లేదు, పత్తి దళారీ. ఆరో నంబరు భూమవ్వ. కైలాసం అత్తగారు. ఆమె కరీంనగర్‌లో మూడో అంతస్తులో ఉంటుంది, అక్కడ పత్తి పండదు. రోజూ సాయంత్రం లిస్టు సరిచూస్తానని కైలాసం ఈ కుర్చీలో ఎందుకు కూర్చునేవాడో ఓంప్రకాశ్‌కు అప్పుడు అర్థమైంది. ఆ ఏడు పేర్లనూ వరుస మారకుండా మైకులో పిలవాల్సిన గొంతు తనదే అని కూడా అర్థమైంది. సిగ్గేసింది.

వెనుక గడియ పడిన చప్పుడైంది. కైలాసం నిలబడి తెర చూస్తున్నాడు.

ఓంప్రకాశ్ ప్రాణాలు మళ్లీ పైకి పోయాయి. పొద్దున్న పోయిందని భయం, ఇప్పుడు దొరికిందని భయం. చూడరానిది చూసినవాణ్ని ఉద్యోగంలో ఎవరుంచుకుంటారు? బయట గంగుబాయి కేక వినిపించింది. "ఏమయ్యా, పెట్టె లేచిందా? లేస్తె చెప్పు, గోడతోని కలిపి సూద్దాం!"

కైలాసం చటుక్కున వంగి అతని చెవి దగ్గరికొచ్చాడు.

"పొద్దుగాల పోయిందన్నవ్ గద?"

"పోలే సార్. నేనే సరిగ సూడలే."

"పోగొట్టు."

"సార్?"

"నీకు దండం పెడత ఓంప్రకాశ్, నిజంగ పోగొట్టు. ఎట్లనో అట్ల."

ఓంప్రకాశ్ పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టాడు. మళ్లీ రెండు వాక్యాలు. ఈసారి రెండోది. తర్వాత తెర తెలుగులోనే అడిగింది, పాతవన్నీ శాశ్వతంగా చెరిగిపోతాయి, సరేనా అని. ఓంప్రకాశ్ వేలు కదల్లేదు. తాను నొక్కితే రేపు ఆ నెపం తన మెడకే చుట్టుకుంటుందన్న తెలివి అతనికి ఆ ఒక్కరోజే వచ్చింది. "మీరే నొక్కుండ్రి సార్," అని లేచి కుర్చీ ఇచ్చాడు. కైలాసం వణికే చూపుడువేలిని రెండో చేత్తో పట్టుకుని నొక్కాడు. పావుగంటలో నీలం కొండలు లేచాయి. మేనేజరే బయటికెళ్లి, పెట్టె లేవదని, ఇక గోడే గతి అని ప్రకటించాడు. మధ్యాహ్నం ఒంటి గంటకు ఐదో నంబరు గంగుబాయి ట్రాక్టరు కాంటా ఎక్కింది. చివరి ఏడు బండ్ల వంతు నాలుగో రోజుకు గానీ రాలేదు.

సాయంత్రం సాయిచంద్ ఫోన్ చేసి, కొత్త సిస్టం పెట్టుకున్నారా అని అడిగాడు.

"పెట్టినం బావా. నేను కాదు, మా మేనేజర్ సార్ పెట్టిండు."

సాయిచంద్ పొంగిపోయి ఆ ముక్క వెంటనే స్వచ్ఛంద సేవకుల గ్రూపులో రాశాడు: ఆదిలాబాద్‌లో కంప్యూటర్ చదువు లేని ఒక మిల్లు మేనేజరు మన సిస్టంను పావుగంటలో, తన చేత్తోనే, ఏ భయమూ లేకుండా పెట్టుకున్నారు.