రత్నమ్మ టీచరు సపోర్టు

ఆ శనివారం రత్నమ్మ టీచరు ప్రొద్దుటూరికి పోయి, పాత కంప్యూటరుకు మెమరీ ముక్క ఒకటి కొనుక్కుని, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలనుకుంది. అంతకుమించి ఆమెకు ఏ ఉద్దేశమూ లేదు.

ఆమె జమ్మలమడుగు మిషన్ బడిలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైంది. ఆఖరి రోజున బడివాళ్లు శాలువా కప్పారు. ఆమె దాన్ని కుర్చీలోనే మరిచిపోయి, మూల పడేసిన కంప్యూటరును మాత్రం అడిగి ఆటోలో వేసుకొచ్చింది. తర్వాత అలాంటివే మరో రెండు చేరాయి. మూడింటిలోనూ విండోస్ తొంభై ఎనిమిదే. అందరూ ఎక్స్‌పీకి మారిపోయినా ఆమె పాతదాన్నే విప్పి, తుడిచి, సరిచేసి, తెలుగు కూడా టైపయ్యేలా చేసుకుంది. పనిచేసే వస్తువును పాతదని పారేయమంటే ఆమెకు ఒళ్లు మండేది.

అది 2006 జులై. ఊళ్లో పంచాయతీ ఎన్నికల వేడి. పదకొండేళ్లుగా ప్రెసిడెంటుగా ఉన్న సుంకిరెడ్డి వర్గం నుంచి రోజుకు నాలుగిళ్లవాళ్లు కొత్త వర్గంలోకి మారుతున్నారు. మారినవాళ్లు గేటుకు కొత్త జెండా కట్టాలి. నాయకుల పేర్లు గట్టిగా పలకడానికి అందరికీ భయమే. “పాతది”, “కొత్తది” అంటే చాలు, అర్థమైపోయేది.

రత్నమ్మ బస్సులో ఉండగా ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసే జియావుల్లా ఫోన్ చేశాడు. పాత విండోస్‌కు కంపెనీ ఈ నెలతో సపోర్టు ఆపేస్తోందని, ఇకనైనా కొత్తది వేసుకోమని సలహా ఇచ్చాడు. బస్సు చప్పుడుకు వినపడదేమోనని రత్నమ్మ తరగతి గది గొంతు తీసింది.

“వాళ్లు సపోర్టు తీసేస్తే తీసేయనీ జియావుల్లా, నేను తీయను. కొత్తదాంట్లోకి మారే మాటే లేదు. పాతదాన్ని ఎట్ల నిలబెట్టాల్నో నాకు తెలుసు.”

ముందు సీట్లో కొత్త వర్గం మనిషి వెంకటసుబ్బయ్య కూర్చుని ఉన్నాడు. తర్వాతి స్టాపులో దిగి, ఊరివైపు పోయే బస్సెక్కాడు.

నేరుగా పోస్టాఫీసుకు వెళ్లి రత్నమ్మ భర్త దేవపాలును పట్టుకున్నాడు. పోస్టుమాస్టరు దేవపాలు ఎవరినీ నొప్పించకుండా ఉద్యోగం ముగించాలనుకునే మనిషి. మీ టీచరమ్మ పాతదాన్ని వదలదంట, నిజమేనా అని వెంకటసుబ్బయ్య అడగ్గానే, తన బాధ తెలిసిన మనిషి ఇన్నాళ్లకు దొరికాడని ఆయన సంబరపడ్డాడు.

“నేను చెప్తే యాడ వింటాదప్పా? ఇంట్లో ఇప్పటికే మూడు పెట్టింది. ఒకటి నా మంచం కిందనే ఉండాది. చెయ్యి తగిలితే ఏమైతాదో అని నాకు నిద్ర పట్టదు. ఇంగా ఏందో సామాను కావాలని ప్రొద్దుటూరు పోయింది.”

వెంకటసుబ్బయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల మంచం కింద దాచే సామానంటే ఎవరికైనా ఒకటే తోచేది.

రత్నమ్మ తిరిగొచ్చేసరికి వాకిట్లో పోలీసు జీపు, దాని పక్కన వరసగా ఇసుక బకెట్లు ఉన్నాయి. పోలీసులు మంచం కిందిదాన్ని పొడుగాటి వెదురుకర్రతో బయటికి లాగారు. మూతలు విప్పారు. ఆమె అక్షరక్రమంలో పెట్టుకున్న రెండొందల ఫ్లాపీలను నేలమీద కుమ్మరించారు. చివరికి అవి బాంబులు కావని తేలింది. ఎస్సై నవ్వుకుంటూ జీపెక్కాడు. వెంకటసుబ్బయ్య మాత్రం కదల్లేదు. బాంబులు లేకపోతేనేం, బస్సులో తాను విన్నమాట నిజమేగా అన్నాడు. పొద్దుగూకేలోపు గేటుకు కట్టమని కొత్త జెండా ఆమె చేతిలో పెట్టాడు.

అప్పటికిగాని రత్నమ్మకు సంగతంతా బోధపడలేదు. అది కంప్యూటరు మాటేనని చెప్పేయమని దేవపాలు చెవిలో బతిమాలాడు.

“అడిగుంటే చెప్పేదాన్ని,” అంది ఆమె, అందరికీ వినపడేలా. “ఇల్లంతా చిందరవందర చేసినాక చెప్పేదేముంది? నా గేటుకు ఏం కట్టుకోవాల్నో చెప్పేదానికి వీళ్లెవరు?”

ఆ జెండాతోనే మానిటరు మీది దుమ్ము తుడిచి, నాలుగు మడతలు పెట్టి, వెంకటసుబ్బయ్యకు తిరిగిచ్చేసింది.

ఆ కబురు విని సాయంత్రానికి సుంకిరెడ్డి పూలదండతో వచ్చాడు. రత్నమ్మ ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పింది, తాను మాట్లాడింది కంప్యూటరు గురించని. బయటికి అట్లే చెప్పమ్మా, శానా తెలివైన మాట అని ఆయన మెచ్చుకున్నాడు. ఆమె వార్డుకు తన వైపు మనిషి దొరకలేదని, మెంబరుగా నామినేషన్ వేయమని కాగితం తీశాడు. రత్నమ్మ నేలమీద ఇంకా చెల్లాచెదురుగా ఉన్న ఫ్లాపీలను ఒకసారి చూసి సంతకం పెట్టింది.

నామినేషన్లు వెనక్కి తీసుకునే రోజు సుంకిరెడ్డి గేటుకే కొత్త జెండా కనపడింది. రెండు వర్గాల పెద్దలూ రాజీపడ్డారు. ఊరంతా ఏకగ్రీవం, సుంకిరెడ్డికి ఉపసర్పంచి పదవి. ఆయన మనుషులందరూ నామినేషన్లు వెనక్కి తీసుకున్నారు, రత్నమ్మ తప్ప. మధ్యాహ్నం రెండింటికి నాయకులిద్దరూ ఒకే జీపులో ఆమె ఇంటికొచ్చారు.

“పాతదనేదే ఇంగ లేదు టీచరమ్మా,” అన్నాడు సుంకిరెడ్డి. “నీకు సపోర్టు చేసేవాళ్లు ఊర్లో ఒక్కరూ లేరు. ఈడ సంతకం పెట్టు.”

“సపోర్టు లేనివి ఇంట్లో మూడు నడుపుతాండా,” అంది రత్నమ్మ. “నాలుగోది నేనే అయితా.”

ఊరు మొత్తమ్మీద ఆ ఒక్క వార్డుకే పోలింగు జరిగింది. వీధిలో ప్రతి గేటుకూ కొత్త జెండాయే. ఆమె కోసం ప్రచారానికి ఒక్కరూ రాలేదు. దేవపాలు మాత్రం ఎవరూ చూడకుండా ఉత్తరాలతోపాటు ఆమె టైపు చేసిన కరపత్రాలు పంచాడని తర్వాత తెలిసింది. డబ్బా తెరిస్తే రత్నమ్మకు ఎనభై మూడు ఓట్లు, అవతలి మనిషికి యాభై ఒకటి.

ఆమె మొదటినుంచీ మా మనిషేనని మర్నాడు నాయకులిద్దరూ పేపర్లకు వేర్వేరుగా ప్రకటనలిచ్చారు.