మాహ్రుఖ్ కూర్చునే వైపు

ఆ పొద్దున కియూమర్స్ ఆగా, అంటే కియూమర్స్ గారు, పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. ఫ్లాస్కులో టీ పోసుకోవాలి. నది ఒడ్డున పార్కుకు పోవాలి. చినార్ చెట్టు కింద బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే జనాన్ని చూస్తూ భార్యకు చాడీలు చెప్పాలి. భార్య మాహ్రుఖ్ పోయి మూడేళ్లయింది. అయితేనేం, బెంచీకి ఎడమవైపు ఇప్పటికీ ఆవిడదే. అక్కడ ఆయన తన సంచీ పెట్టేవాడు.

"ఆ కొత్త బూట్లావిణ్ణి చూశావా? నడక తక్కువ, బూట్లు చూసుకోవడం ఎక్కువ" అనేవాడు సంచీతో. "ఆ జంటను చూడు, ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఎవరి కళ్ళు కప్పుదామనో!" మాహ్రుఖ్ ఉన్న రోజుల్లో ఈ మాటలకు నవ్వి, చేతిమీద ఒక్కటి వేసేది. సంచీ ఆ పని చేయలేదు గానీ, ఎదురు మాత్రం చెప్పేది కాదు.

అంతలో జపమాల తిప్పుకుంటూ ఓ లావుపాటి పెద్దమనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా ఆగా?"

ఉన్నారు అనాలి. కానీ నోటికి అలవాటైన మాట వేరు. "ఎవరూ లేరండీ! రండి రండి, ఈ చోటు మీదే."

ఎవరూ లేరన్నందుకు గుండెలో కలుక్కుమంది. అయినా ఆయన కంగారు పడలేదు. ఇరాన్‌లో, అందులోనూ ఈ ఇస్ఫహాన్‌లో పుట్టినవాడు ఎవడూ రమ్మనగానే కూర్చోడు. అటువాడు వద్దంటాడు, ఇటువాడు బతిమాలతాడు, చివరికి అటువాడు సలాం పెట్టి తన దారిన పోతాడు.

"అబ్బే, మీకెందుకు శ్రమ" అన్నాడు పెద్దమనిషి పద్ధతిగా.

"శ్రమేముంది? నేనెలాగూ లేవబోతున్నాను."

"వద్దొద్దు, మీరుండండి."

అక్కడితో ఊరుకుంటే గొడవే లేదు. కానీ మర్యాదలో కియూమర్స్ ఆగా ఎవరికీ తీసిపోయే రకం కాదు. "నా ప్రాణం మీద ఒట్టు! కూర్చోకపోతే నొచ్చుకుంటాను" అనేశాడు. ఒట్టేశాక ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఆయన కూర్చున్నాడు. లేవబోతున్నానని అన్న పాపానికి ఈయన లేచి, సంచీ భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు.

మర్నాడు ఇంకా పెందలాడే వచ్చాడు. పెద్దమనిషి అప్పటికే ఉన్నాడు. పేరు హెష్మత్ అట. ఈయన్ని చూడగానే లేచి, చేతిరుమాలుతో బెంచీ తుడిచాడు. "రండి, మీ చోటు మీరు తీసుకోండి!"

"ఎంతమాట! నేను నడకకొచ్చాను, మీరు కూర్చోండి." మోకాళ్ళు చూసిన డాక్టరు నడవొద్దని మొత్తుకున్నాడు. అయినా మాట అనేశాక తప్పుతుందా? కుంటుకుంటూ పార్కు చుట్టూ తిరిగాడు.

ఆ పై రోజు హెష్మత్ ఆగా గజ్ మిఠాయి తెచ్చాడు. మిఠాయి తిన్నాక టీ పోయక తప్పదు, టీ తాగినవాడి కబుర్లు వినకా తప్పదు. మూత్రపిండంలో రాయి గురించి వారంపాటు విన్నాడు. దారినపోయే వాళ్ళనల్లా పిలిచి, "ఇంత మర్యాదస్తుడు ఊళ్ళోనే లేడు!" అని హెష్మత్ ఆగా చాటింపు వేశాడు. ఈ హడావుడిలో మాహ్రుఖ్‌తో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. సంచీ ఒళ్ళో ఉంది, దాని చోట ఆయన ఉన్నాడు. కియూమర్స్ ఆగాకు ఏడుపొచ్చింది.

ఇక లాభం లేదని తోటమాలి యదుల్లాను పక్కకు పిలిచాడు. "ఆ బెంచీ కాళ్ళు వదులయ్యాయయ్యా. లావుపాటి మనిషికి ప్రమాదం. ఆయన చెవిన ఓ మాట వెయ్యి."

"సరే ఆగా" అన్నాడు యదుల్లా. కానీ అంతటి పెద్దాయన మొహం మీద లావని ఎలా అంటాడు? సిగ్గుచేటు కాదూ? అందుకని ఆయనకేమీ చెప్పకుండా, బెంచీ కాళ్ళు వదులయ్యాయని పార్కు ఆఫీసులో చెప్పి వచ్చాడు.

రెండు రోజుల తర్వాత హెష్మత్ ఆగా గొంతు సవరించుకున్నాడు. "ఏమీ అనుకోనంటే ఒక మాట. నా బెంచీ ఆ గులాబీల దగ్గరుండేది. ఎవరో అడిగితే మొహమాటానికి కూర్చోమన్నాను, అది కాస్తా పోయింది. మీరేమో ఒట్టేశారు. రాకపోతే నొచ్చుకుంటారని రోజూ వస్తున్నా. ఈ చినార్ నూగు నా గొంతుకు పడదు, చచ్చిపోతున్నాననుకోండి. ఆ గులాబీలాయన నిన్న ఊరు మారిపోయాడట. ఇక నేను అక్కడికి పోనా?"

కియూమర్స్ ఆగా జన్మలో మొదటిసారి ఎవరినీ బతిమాలలేదు. "వెళ్ళిరండి" అన్నాడు. హెష్మత్ ఆగా మొహం కాస్త చిన్నబోయింది గానీ, వెళ్ళిపోయాడు.

ఎడమవైపు ఖాళీ అయింది. ఆయన సంచీని మెల్లగా అక్కడ పెట్టాడు. "మాహ్రుఖ్, ఎంతమందిని చూశానో! నీకు చెప్పాల్సినవి కుప్పలున్నాయే" అని మొదలుపెట్టాడో లేదో, లారీ వచ్చి ఆగింది. ఇద్దరు పనివాళ్ళు దిగి ఆయన్ని లేవమని, బెంచీ బోల్టులు విప్పసాగారు.

కియూమర్స్ ఆగా చెయ్యి సంచీ పక్కన బెంచీని గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి చూసి పెద్ద పనివాడు ఆగాడు. "ఇది మీకు ముఖ్యమా ఆగా? ఒక్కమాట చెప్పండి, బోల్టులు బిగించి ఇక్కడే వదిలేస్తాం."

ఆ ఒక్కమాట గొంతుదాకా వచ్చింది. "అబ్బే... నాదేముంది బాబూ, తీసుకెళ్ళండి" అంది నోరు.

అతనూ ఇస్ఫహాన్‌లో పుట్టినవాడే. "మొహమాటపడకండి ఆగా, మాకేం కష్టం లేదు. ఉంచెయ్యమంటారా?"

"అయ్యో, మీ పనికి నేను అడ్డమా? నా ప్రాణం మీద ఒట్టు!"

ఒట్టేశాక వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? సంచీ తీసి మర్యాదగా ఆయన చేతికిచ్చి, బెంచీ ఎత్తుకుపోయారు.