నిండుగానే ఉండాది

ఆ శుక్రవారం పొద్దున గోవిందయ్య పెట్టుకున్న పని ఒక్కటే. ఓనరు పళ్ళు తోముకుని బయటికి రాగానే కారు బోనెట్ ఎత్తి చూపించి, బ్రేక్ ఆయిల్ మార్పించాలి. శనివారం శనివారం ఓనరు కుటుంబం కొండకు పోతుంది. పోయిన వారం దిగేటప్పుడు, ఇంకో నాలుగు మలుపులు ఉన్నాయనగా బ్రేక్ పెడలు బురదలో కాలు పెట్టినట్టు లోపలికి దిగిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ లాగి ఎలాగో కిందికి చేర్చాడు. వెనక సీట్లో వాళ్ళు లడ్డూలు పంచుకుంటూ ఉన్నారు కాబట్టి ఆ సంగతి వాళ్ళకు తెలియలేదు.

ఓనరు చెంగల్రాయుడికి తిరుచానూరులో పన్నెండు గదుల లాడ్జి ఉంది. దాని వెనక రేకుల గది డ్రైవరుకని ఇచ్చాడు. ఉద్యోగం ఉంటే గది ఉంటుంది. యాభై రెండేళ్ళ గోవిందయ్యకూ, ఆయన భార్య దేవకమ్మకూ అంతకు మించి ఇల్లంటూ లేదు. అందుకే మాట మెత్తగా మొదలుపెట్టాడు. కారు కొని నాలుగేళ్ళయిందనీ, ఈ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలనీ, కొత్తదైతే తేనె రంగులో ఉంటుందనీ, ఇది కాఫీ డికాషన్ అయిపోయిందనీ చెప్పాడు.

చెంగల్రాయుడు వంగి చూశాడు. ఆయన చూసింది రంగు కాదు, గీత. ఆయిల్ డబ్బాకున్న పై గీత దాకా ఉంది. తగ్గినప్పుడల్లా ఆయనే స్వయంగా పోస్తున్నాడు.

"నిండుగానే ఉండాది కదప్పా."

"నిండుగా ఉండాది సామీ. అయితే దాంట్లో తేమ చేరిపోయింది. బ్రేకు కాలితే అది మరుగుతాది, పెడలు దిగిపోతాది. పోయిన వారం కొండ దిగేటప్పుడు అట్లే దిగిపోయింది."

"మూత బిగించే ఉండాదే, తేమ యాడ నుంచి వచ్చింది? మరిగేదానికి దాంట్లో బజ్జీలేమన్నా ఏస్తా ఉండావా?"

లాడ్జి మెట్ల మీద కూర్చున్న ఓనరు బావమరిది సునీల్‌కుమార్ నవ్వాడు. లైసెన్సు తీసుకుని ఏడాదయినా చేతికి స్టీరింగు దొరకని మనిషి అతను.

చెంగల్రాయుడు లోపల కూర్చుని పెడలు తొక్కాడు. రాత్రంతా చల్లబడిన బండి. పెడలు రాయిలాగా నిలబడింది. వేడెక్కితేనే దిగుతుందని గోవిందయ్య చెప్పబోయాడు గానీ, అప్పటికే ఓనరు మొహంలో జాలి మొదలైంది. ఆ జాలి ఆయన కోపం కన్నా ప్రమాదం.

"పెడలు దిగలేదప్పా. నీ కాల్లో బలం దిగింది. చెప్పుకునేదానికి సిగ్గుపడతా ఉండావు."

మనిషి అరుగుతాడు గానీ, తను చూసుకునే వస్తువు అరగదని చెంగల్రాయుడి నమ్మకం. గంటలో, ఎముకల కట్లకు పేరుపడ్డ పుత్తూరుకు ప్రయాణం కట్టించాడు. బలం పోయిన కాలితోనే అంత దూరమూ గోవిందయ్యే బండి నడిపాడు. దారంతా చదును కాబట్టి బ్రేకు బుద్ధిగా పనిచేసి, ఆయన పరువు ఇంకొంచెం తీసింది. కట్టు కట్టే పెద్దాయన కాలంతా తడిమి, ఎముకలో ఏమీ లేదన్నాడు. ఇంత దూరం వచ్చినాం, ఎందుకైనా మంచిది కట్టమని చెంగల్రాయుడు పట్టుబట్టాడు. కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు, నాలుగు మూరల గుడ్డ. కట్టు నలభై రోజులు ఉండాలి.

వచ్చేటప్పుడు స్టీరింగు సునీల్‌కుమార్‌ది. ముందు సీట్లో నుంచి చెంగల్రాయుడు వెనక్కి తిరక్కుండానే చెప్పాడు.

"కట్టు ఉండేంతవరకూ గదిలో ఉండు. కాలు సరిలేనోణ్ణి బయటికి తోసేంత పాపం నేను చెయ్యను. విప్పినాక బండెక్కు. ఎక్కలేకుంటే గది ఖాళీ చెయ్యి."

మరుసటి రోజు కొండకు బయలుదేరే ముందు గోవిందయ్య గోడ పట్టుకుని కుంటుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచమనీ, బ్రేకు మీద కాలు పెట్టే ఉండొద్దనీ సునీల్‌కుమార్‌తో చెప్పాడు.

"కాలు లేనోడు కాలు యాడ పెట్టాల్నో చెప్తా ఉండాడు బావా," అన్నాడు సునీల్‌కుమార్.

దిగేటప్పుడు అతను మొదటి మలుపు నుంచీ బ్రేకు మీదే నిలబడ్డాడు. సగం కొండ దిగాక పెడలు నేలకు తగిలింది. ఒకవైపు లోయ, ఒకవైపు బండ. బండనే ఎంచుకోవడం సునీల్‌కుమార్ తెలివి కాదు, స్టీరింగు అటు లాగిందంతే. అతనికి ముందు పళ్ళు నాలుగు పోయాయి. చెంగల్రాయుడి భుజం ఎముక విరిగింది. వెనక సీట్లో ఉన్న ఆయన తల్లి సుబ్బులమ్మకు తుంటి విరిగింది. ఆమె మళ్ళీ మంచం దిగలేదు. అది వయసు వల్లేనని అందరూ అన్నారు.

మెకానిక్కు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఆలోగా బండి చల్లారింది. అతను పెడలు తొక్కి చూశాడు. రాయిలాగా నిలబడింది. డబ్బా చూశాడు. నిండుగా ఉంది. బ్రేకులో లోపమేమీ లేదన్నాడు. భుజం పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్న చెంగల్రాయుడు బావమరిది కాళ్ళ వైపు చాలాసేపు చూశాడు. పుత్తూరులో తన భుజానికి కట్టయ్యాక, ఇతని కుడికాలికి కూడా ఒకటి కట్టమన్నాడు. పళ్ళు లేక సునీల్‌కుమార్ చెప్పింది ఎవరికీ అర్థం కాలేదు.

నలభయ్యో రోజున గోవిందయ్య కట్టు విప్పారు. కాలు సన్నబడింది గానీ బాగానే ఉంది. అదే వారం కారు షెడ్డు నుంచి వచ్చింది. చెంగల్రాయుడు కబురు పెట్టి పిలిపించి, మన మనుషుల్లో ఇంక రెండు కాళ్ళూ సరిగా ఉండేది నీకే అన్నాడు. ప్రాణం దక్కినందుకు గుండు మొక్కుకున్నాడట. శనివారం కొండకు పోవాలి. మంచం మీదే ఉన్నా అమ్మను కూడా ఎత్తుకుని పోవాలి.

గోవిందయ్య బోనెట్ ఎత్తాడు. కొత్త రంగు, కొత్త రేడియేటరు, ముందు వేలాడే కొత్త నిమ్మకాయలు. డబ్బా మూత తీశాడు. అదే డికాషన్.

"దీన్ని మాత్రం మార్చలేదా సామీ?"

"నిండుగా ఉండేదాన్ని ఎందుకు మార్చేది?"

గోవిందయ్య మూత బిగించాడు. వచ్చేటప్పుడు బాగా నడిచినవాడు, పోయేటప్పుడు గోడ పట్టుకుని కుంటుతూ గదికి చేరాడు. మంచం మీద కూర్చుని కుడికాలు చాపాడు.

"ఆ కట్టు గుడ్డ యాడ పెట్టినావు?"

"ఉతికి ఆరేసినాను," అంది దేవకమ్మ. "మళ్ళీ ఏమైంది కాలికి?"

"శనివారం."

ఆమె గుడ్డ తెచ్చి, బద్దలు సర్ది, చుట్టడం మొదలుపెట్టింది. గోవిందయ్య కాసేపు ఆలోచించి ఎడమకాలు కూడా చాపాడు.

"క్లచ్చు కాలికి కూడా కట్టు."