వంతెన అవతల వేడినీళ్లు

ఆ ఉదయం ఆర్లిస్ పెట్టుకున్న పని ఒక్కటే, వేడినీళ్ల స్నానం. ఇంట్లో గీజరు మొండికేసింది. బాగుచేసేవాడు రేపు, రేపు అంటూ రోజులు నెట్టుకొస్తున్నాడు. అందుకని తువ్వాలు, నర్సు దుస్తులు పెట్టెలో సర్దుకుని, వంతెన దాటి ఇల్లినాయ్‌లో ఉన్న డెల్మర్ ఇంటికి వెళ్లి, స్నానం చేసి, అటునుంచి అటే మిస్సోరి ఆసుపత్రికి డ్యూటీకి పోతోంది. రాత్రికి మళ్లీ అయోవాలో సొంతిల్లు. మూడు రాష్ట్రాలు ఒరుసుకునే మా మూలలో ఇదేం వింత కాదు.

డెల్మర్ ఆమె నేస్తం నోర్మా భర్త. నోర్మా కూడా అదే ఆసుపత్రిలో నర్సు, పోయి చాలా కాలమైంది. ఆ రోజుల్లో ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రపు లైసెన్సు విడిగా తెచ్చుకోవాలి. రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిరి ఇకమీదట అయోవా లైసెన్సే మిస్సోరిలోనూ చెల్లుతుందని కబురొచ్చినరోజు, ఇల్లినాయ్ ఆ ఒప్పందంలో లేకపోయినా, తనకు ఒరిగేదేమీ లేకపోయినా, సంబరానికి తీయటి ఆపిల్ పై కొనుక్కొచ్చింది నోర్మానే. ఇద్దరూ కారులో కూర్చుని వేళ్లతోనే తిన్నారు. ఆ వంతెన ఎక్కితే ఆర్లిస్‌కు ఇప్పటికీ ఆ రోజే గుర్తొస్తుంది.

కాపురం ఎక్కడో లైసెన్సూ అక్కడే. ఇల్లినాయ్‌కి మారితే ఆ అయోవా లైసెన్సు మిస్సోరిలో చెల్లదు, ఆమె ప్రాణంపెట్టుకున్న ఆసుపత్రి దూరమవుతుంది. డెల్మర్ పెళ్లి మాటెత్తినప్పుడల్లా ఆమె ఆ లైసెన్సునే అడ్డంపెట్టేది.

ఆరోజు డెల్మర్ గుమ్మంలోంచి తడిజుట్టుతో, పెట్టెతో దిగుతున్న ఆర్లిస్‌ను ఎదురింటి బెర్నిస్ చూసింది. "ఆర్లిస్ మొత్తానికి డెల్మర్ ఇంటికి మారిపోయిందర్రా" అని చర్చి ఆడవాళ్లకు ఫోన్లు కొట్టింది. ఇల్లు మారినవాళ్లకు వండిన గిన్నె పంపకపోతే మా దగ్గర మహాపాపం. మధ్యాహ్నానికి డెల్మర్ వరండా గిన్నెలతో నిండింది. ఎవరినీ కాదనలేని మనిషి కావడంతో డెల్మర్, "సుఖంగా ఉండండి" అన్న ప్రతివాళ్లకూ థాంక్స్ చెప్పాడు. ఊరికి ఇంకేం రుజువు కావాలి?

సాయంత్రం ఆసుపత్రిలో పైఅధికారి కొలీన్ పిలిచింది. "ఆర్లిస్ గారూ, ఇల్లినాయ్‌కి మారారట. మరి ఇక్కడ డ్యూటీ ఎలా చేస్తున్నారు?"

"మారలేదమ్మా. స్నానానికి వెళ్తున్నా."

"స్నానానికా? నది దాటి?"

"గీజరు పాడైంది."

"నేనూ బంగాళాదుంపల గిన్నె పంపానండీ. ఆయన థాంక్స్ చెప్పి మరీ పుచ్చుకున్నారు. ఇది తేలేదాకా మీకు డ్యూటీ ఇవ్వలేను."

సాక్ష్యానికి డెల్మర్‌ను పిలిపించారు. చొక్కామీద చికెన్ పులుసు మరకతోనే వచ్చాడు.

"ఆవిడ మారలేదమ్మా. నేనే ఎన్నేళ్లనుంచో రమ్మంటున్నా. వింటేనా."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా" అంది ఆర్లిస్, ముఖం ఎర్రబడి.

"మరి నన్నెందుకు నీ ఇంటికి రమ్మనలేదు?" అన్నాడు డెల్మర్.

ఆర్లిస్ కిటికీ వైపు తిరిగి చెప్పింది. "అది నోర్మా ఇల్లు. నిన్ను అందులోంచి లేవదీసుకుపోవడానికి నాకు మనసు రాలేదు."

"నోర్మా రోజూ నది దాటింది. నేనొక్కసారి దాటలేనా? నాకు ఏ లైసెన్సూ అక్కర్లేదుగా."

కొలీన్ కళ్లు తుడుచుకుని, రేపు డ్యూటీకి రమ్మంది.

పెళ్లయి డెల్మర్ పెట్టెతో అయోవా చేరాడు. ఊరివాళ్లు మళ్లీ గిన్నెలు మోసుకొచ్చారు. గీజరు మాత్రం ఇంకా బాగుపడలేదు. స్నానానికి ఇప్పుడు ఇద్దరూ ఇల్లినాయ్ వెళ్తున్నారు.