సగం గడ్డం, సంపూర్ణ హాజరు

మగవాళ్లకి గడ్డం సరిగ్గా గీసుకోవడం నేర్పింది తండ్రి కాదు, బార్బరు కాదు, భార్య అసలే కాదు. ఆఫీసు గేటు దగ్గర గోడకి బిగించిన హాజరు మెషిన్! ఎవరైనా కాదంటే నా దగ్గరికి రండి, వాదిస్తాను. ప్రస్తుతం నాకు తీరికే తీరిక.

మెషిన్ సంగతి మీకు తెలిసిందే. ఎదురుగా నిలబడితే మొహం చూస్తుంది. నచ్చితే పచ్చ లైటు వేసి గేటు తీస్తుంది. నచ్చకపోతే ఎర్ర లైటు వేసి, "మీరెవరో తెలియదు" అంటుంది. ఎంత నిజాయితీ! నన్ను చూసి చూడనట్టు పక్కకి తిరిగే బంధువులు నాకు బోలెడుమంది ఉన్నారు. ఆ మాట మొహం మీదే అనేసే ధైర్యం వాళ్లలో ఒక్కరికీ లేదు.

ఇదివరకు నేను గడ్డం గీసుకునే పద్ధతి వింటే నవ్విపోతారు. చన్నీళ్లు చల్లుకుని, ఒంటిసబ్బే బుగ్గలకి రుద్ది, మూడు నెలల నాటి బ్లేడుతో పొలం దున్నినట్టు అటూ ఇటూ దున్నేవాణ్ని. చెవి కింద కొంత, మెడ మీద కొంత అలాగే మిగిలిపోయేది. తెగిన చోటల్లా కాగితం ముక్కలు అంటించుకుని ఆఫీసుకి వెళ్తే ఎవరైనా ఏమైనా అన్నారా? అబ్బే! మా నీటి సరఫరా ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా నేను పాత పైపుల మ్యాపులు చూసే గుమాస్తాని. అడిగిన మ్యాపు చేతికందితే చాలు, దాన్ని అందించిన మొహంతో ఎవరికి పని?

అలాంటి రోజుల్లో మెషిన్ వచ్చింది. సరిగ్గా అప్పుడే నాకు టైఫాయిడ్ కూడా వచ్చింది. నెలన్నర మంచాన పడి లేచేసరికి మొహం నిండా గడ్డం. ఒక ఉదయం తీరిగ్గా అద్దం ముందు కూర్చుని, ఎడమ బుగ్గ పూర్తిచేసి, కుడి బుగ్గ మీదికి రేజరు ఎత్తానో లేదో ఫోను మోగింది.

"ఏంటి సార్, ఇంకా ఇంట్లోనే ఉన్నారా? మెషిన్‌లోకి మొహాలు ఎక్కించడం ఇవాళ పదింటితో ఆఖరు. తర్వాత మీ పేరు లిస్టులో లేదంటే నన్నడక్కండి," అన్నాడు మా ఆఫీసు కంప్యూటర్లు చూసే ఉద్యోగి.

తువ్వాలుతో నురగ తుడుచుకుని పరుగెత్తాను. వెళ్లగానే కెమెరా ముందు నిలబెట్టాడు. "బాబూ, ఇంకా సగమే..." అనబోయాను. క్లిక్! "అయిపోయింది సార్, జరగండి" అన్నాడు. అలా ఎడమ బుగ్గ అద్దంలాగా, కుడి బుగ్గ అడవిలాగా ఉన్న మనిషి మా ఆఫీసు రికార్డులకి ఎక్కిపోయాడు.

సాయంత్రం ఇంటికెళ్లి మిగతా సగం గీసుకుందామనుకున్నాను. గేటు దాటుతుంటే ఎందుకో అనుమానం వచ్చి, కుడి బుగ్గకి చేయి అడ్డం పెట్టుకుని మెషిన్‌కి మొహం చూపించాను. "మీరెవరో తెలియదు." చేయి తీశాను. "స్వాగతం!"

వెనక్కి పరుగెత్తి, "మళ్లీ ఒక్క ఫోటో తియ్యి బాబూ" అని బతిమాలాను.

"నా చేతిలో ఏముంది సార్? మార్చాలంటే హెడ్డాఫీసు వాళ్లు రావాలి. రెండేళ్లకోసారి వస్తారు. అప్పటిదాకా ఈ మొహమే మెయిన్‌టెయిన్ చెయ్యండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, వరసగా మూడు రోజులు గుర్తుపట్టకపోతే మీ పేరు మెషిన్ దానంతటదే తీసేస్తుంది," అన్నాడు.

ఇరవై రెండేళ్ల సర్వీసు, మూడు రోజుల గడువు! క్రమశిక్షణ అలవడమంటే అలవడదూ?

పద్ధతి చెబుతాను, రాసుకోండి. ముందు వేణ్ణీళ్లలో ముంచిన బట్ట ఎడమ బుగ్గ మీద రెండు నిమిషాలు వేసుకోవాలి. బ్రష్షుతో గుండ్రంగా తిప్పుతూ నురగ పట్టించాలి. కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలిన వైపే, బరువు వేయకుండా గీయాలి. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. అసలు విద్యంతా కుడి బుగ్గలో ఉంది. అక్కడి గడ్డం ముప్పావు అంగుళం దాటకూడదు, తగ్గకూడదు. రోజూ స్కేలు పెట్టి కొలవాలి. రెండు బుగ్గలకీ మధ్య సరిహద్దు కోసం కింది పెదవి నుంచి గొంతు దాకా దారం పట్టుకోవాలి. దారం పట్టడానికి ఇంకో మనిషి కావాలి. పెళ్లయిన పాతికేళ్లకి మా ఆవిడా నేనూ రోజూ పావుగంట ఒకరికొకరం ఎదురెదురుగా నిలబడుతున్నామంటే అది మెషిన్ చలవ కాదా?

"ఇటునుంచి చూస్తే మొగుడు, అటునుంచి చూస్తే సన్యాసి! ఏ వైపు కూర్చుని అన్నం తినాలో తెలియడం లేదు," అంటుందనుకోండి. ఆడవాళ్లు అంటారు, మనం పట్టించుకోకూడదు.

ఒకసారి అలిసిపోయి మా బార్బరు దగ్గరికి వెళ్లాను. విషయమంతా విని కత్తెర కింద పెట్టేశాడు. "మీరు అలా నా షాపులోంచి బయటికెళ్తే, రేపటినుంచి నా దగ్గరికి ఎవరొస్తారు సార్? కావాలంటే వెనక తలుపులోంచి వెళ్లండి," అన్నాడు. కళని గుర్తించడానికి కాలం పడుతుంది.

ఇలా ఎనిమిది నెలలు ఒక్క రోజు కూడా తప్పకుండా హాజరు పడింది. అంతా సవ్యంగా ఉందనుకునేసరికి మా అమ్మాయి నర్సు ట్రైనింగు పూర్తిచేసింది. పట్టాలిచ్చే ఆదివారం నాడు, స్టేజీ మీద అమ్మో నాన్నో పిల్ల భుజానికి బ్యాడ్జీ పెట్టాలట. "నాన్నే పెట్టాలి" అంది. పొంగిపోయాను.

అంతలో నా మొహంకేసి చూసి, నెమ్మదిగా అంది. "నాన్నా, ఆ ఒక్కరోజూ రెండు బుగ్గలూ ఒకే మనిషివిలా ఉండేట్టు రా."

ఏం చేయను? కుడి బుగ్గ గీస్తే అది మళ్లీ ముప్పావు అంగుళం ఎదగడానికి నెలన్నర పడుతుంది. పేరు పోవడానికి మూడు రోజులు చాలు. పంటినొప్పని చెప్పి దవడకి కట్టు కట్టుకుని వెళ్దామా అనుకున్నాను. రెండొందలమంది నర్సులున్న హాలులోకి ఉత్తుత్తి కట్టుతో వెళ్లేవాడు నాకన్నా ధైర్యవంతుడై ఉండాలి. విప్పి చూడకుండా వదుల్తారా?

ఆదివారం పొద్దున దారం తెచ్చిన మా ఆవిడ, దాన్ని మళ్లీ ఉండ చుట్టేసి, "గీసెయ్యండి. ఏమవుతుందో చూద్దాం," అంది.

గీసేశాను.

స్టేజీ మీద బ్యాడ్జీ పిన్ను తీసి, పిల్ల భుజం మీద చోటు కోసం తడుముకున్నాను. "మెల్లిగా నాన్నా, గుచ్చుతావు" అంది అమ్మాయి నవ్వుతూ. నాకు ఏడుపొచ్చేసింది. కన్నీళ్లు రెండు వైపులా అడ్డంకి లేకుండా జారాయి. గడ్డం సరిగ్గా గీసుకుంటే ఇలాంటి సౌకర్యాలు కూడా ఉంటాయి.

సోమవారం గేటు దగ్గర నిలబడ్డాను. "మీరెవరో తెలియదు." మా వాచ్‌మన్, ఇరవై రెండేళ్లుగా రోజూ నాతో టీ తాగే మనిషి, తల వంచుకున్నాడు. "మీరు నాకు తెలుసు సార్. కానీ నాకు తెలిస్తే సరిపోదంట," అని, తన స్టూలు తెచ్చి నాకు వేశాడు.

కాసేపటికి మా ఆఫీసరుగారు కారు దిగారు. ఆయన ఈ ఆఫీసులో కొత్తగా చేరినప్పుడు మ్యాపు చూడటం నేర్పింది నేనే. "సార్, నేను..." అంటూ లేచాను. నా మొహం చూశారు. పక్కకి తిరిగి మెషిన్‌ని చూశారు. "అదేమంటోంది?" అని వాచ్‌మన్‌ని అడిగారు. ఎర్ర లైటు చూసి, "రూల్సు కదా, మనమేం చేస్తాం," అని లోపలికి వెళ్లిపోయారు. అంత బాధ నాకు టైఫాయిడ్‌లో కూడా కలగలేదు.

ఇవాళ మూడో రోజు. స్టూలు మీద కూర్చునే ఇది రాస్తున్నాను. ఇందాక మేడ మీద కిటికీ తెరుచుకుంది. ఆఫీసరుగారు సగం బయటికి వంగి, నన్ను పేరుపెట్టి పిలిచారు. "ఏమండీ! పదో వీధిలో పైపు పగిలింది. రోడ్డంతా చెరువైపోయింది. వాల్వు ఎక్కడుందండీ?"

"స్కూలు గోడ పక్కన, రేకు మూత కింద సార్!" అని అరిచాను. "ఎడమకి తిప్పితే ఊడొస్తుంది, కుడికి తిప్పమనండి!"

"థాంక్సండీ! మీరు లేకపోతే ఎలాగండీ!" అని కిటికీ మూసేశారు. పావుగంటలో నీళ్లు ఆగాయట. హాజరు మాత్రం పడలేదు.

అందుకే చెబుతున్నాను, మెషిన్‌ని ఎవరూ తప్పుపట్టకండి. ఈ ఆఫీసు మొత్తానికి, నేనెవరో నిజంగా తెలియనిది పాపం దానికొక్కదానికే.