వాగు కట్ట మీద ధర్నా

ఒక పెద్ద అడవిలో ఎవరు ఏ పని మొదలుపెట్టినా, దానికి కొండలు తాత అడ్డం పడుకునేవాడు.

కొండలు తాత ముసలి అడవిదున్న. సింహం తన కోసం మడుగు తవ్వించబోతే అడ్డం పడుకున్నాడు. వేటకని దారి వెడల్పు చేయించబోతే అడ్డం పడుకున్నాడు. ప్రతిసారీ గెలిచాడు. వీపు మీద పంజా గీతలు మిగిలాయి. కొత్తవాళ్లు ఎదురైతే ముఖం కంటే ముందు వీపే చూపించేవాడు.

కిందటి ఎండాకాలం వాగు ఎండిపోయింది. మందంతా కొండ దాటి ఏటికి నడిచింది. ఆ ఎక్కుడులో తాత మోకాళ్లు వణికిపోయాయి. ఇంకోసారి ఆ కొండ ఎక్కితే దిగడం ఉండదని ఆయనకు తెలుసు. అందుకే సింహం గుహ ముందుకెళ్లి రంకె వేశాడు.

"వానలకు ముందే వాగుకు కట్ట కట్టాలి! లేదంటే ఇక్కడే పడుకుంటా!"

సింహం ఆవలించింది. "కట్టండి. పని పెద్దవు నువ్వే."

పడుకోకముందే గెలవడం తాతకు అదే మొదలు. ఎందుకో వెలితిగా అనిపించింది.

సాయానికి సుగుణ అనే మైనా వచ్చింది. పట్నంలో ఒక కాలేజీ వరండాలో పంజరంలో ఉండి, కిటికీలోంచి పాఠాలన్నీ విని, తలుపు తెరిచి ఉన్న రోజు ఎగిరొచ్చింది.

"ఏం కట్టాలి, ఎవరు కట్టాలి, ఏది ముందు, ఎప్పటిలోగా, మధ్యలో ఏం చెడిపోవచ్చు, ఇవన్నీ ముందే తేల్చుకోవాలి తాతా. దాన్నే ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ అంటారు."

"నువ్వు గుడ్డులో ఉన్నప్పటి నుంచీ పోరాటాలు నడిపినవాణ్ని. నాకు పాఠాలా?"

"పోరాటం పని ఆపడానికి తాతా. ప్రాజెక్టు పని అవడానికి."

తాత గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ముందు అడవిపందులు పునాది తవ్వాలి. అది పూర్తయ్యాక ఏనుగులు బండలు దొర్లించాలి. ఆ తర్వాత కోతులు సందుల్లో బంకమట్టి కూరాలి. తొలి వానకు ముందే అంతా అయిపోవాలి. సుగుణ చెప్పింది, తాత సరేనన్నాడు, పని మొదలైంది.

ఒక మిట్టమధ్యాహ్నం తాత పని చూడ్డానికి వచ్చాడు. పందులు మెడలోతు బురదలో ఉన్నాయి. ఏనుగులు గట్టు మీద నీడలో చెవులు ఊపుకుంటున్నాయి.

"చూడు తాతా అన్యాయం!" అన్నాడు పందుల పెద్ద పోతయ్య. "మా మూతులు అరిగిపోతున్నాయి. ఆ దొరసానులకు విసనకర్రలు!"

"మా వంతు ఇంకా రాలేదయ్యా. ప్లానే అంత," అంది ఏనుగు మంగమ్మ, కదలకుండా.

తాత కళ్లు ఎర్రబడ్డాయి. "ఎవడ్రా ఈ ప్లాను వేసింది?"

"నువ్వే తాతా," అంది సుగుణ.

ఆ మాట చెవిన పడేసరికే తాత పునాదికి అడ్డంగా పడుకుని ఉన్నాడు. ఆ వయసులో పడుకోవడం తేలిక. లేవడమే కష్టం.

ఇక చూడాలి ఆ ధర్నా! పొద్దున ఎవరు కూర్చోవాలి, సాయంత్రం ఎవరు, గడ్డి ఎవరు తేవాలి, గొంతు పోతే నినాదం ఎవరు అందుకోవాలి, సింహం వస్తే ఎటు పరుగెత్తాలి, అన్నీ తాత పడుకునే తేల్చేశాడు.

"ఇందులో సగం ప్లాను ఆ కట్టకు వేసి ఉంటే..." అంది సుగుణ.

"ఇది ప్లాను కాదమ్మా, ఉద్యమం!"

ఇంతలో పోతయ్యకు సందేహం వచ్చింది. "మన కోరికలు ఎవరికి చెప్పాలి?"

"పని పెద్దకి," అన్నాడు తాత ఆవేశంగా. అందరూ ఆయన వైపే చూశారు.

నలుగురు పట్టి లేపితే తాత గట్టు అవతలికి వెళ్లి నిలబడ్డాడు. పోతయ్య కోరికలు వినిపించాడు. మధ్యాహ్నం విశ్రాంతి కావాలి, ఏనుగులూ తవ్వాలి. తాత గంభీరంగా తల ఊపాడు. "పరిశీలిస్తాం."

పందులు గోల చేశాయి. తాత గబగబా ఇవతలికి వచ్చి మళ్లీ పడుకున్నాడు. "విన్నారా వాడి పొగరు? పరిశీలిస్తాడట!"

తూర్పున మబ్బులు కమ్ముకొస్తున్నాయి. సుగుణ తాత కొమ్ము మీద వాలింది. "నీకు దండం పెడతా తాతా. అవతలికి వెళ్లి ఒప్పేసుకో."

"బెదిరింపులకు లొంగే రకం కాదు."

"ఎవరు? ఇక్కడి కొండలు తాతా, అక్కడి కొండలు తాతా?"

"ఇద్దరూనూ."

చివరికి అవతలి తాతే మెత్తబడ్డాడు. కోరికలన్నీ ఒప్పుకున్నాడు. ఇవతలి తాతకు తీగల దండ వేసి ఊరేగించారు. ఊరేగింపు వాగు మలుపు తిరుగుతుండగా వాన మొదలైంది. పునాది, తవ్విన మట్టి రెండూ నీళ్లతో పాటే వెళ్లిపోయాయి. ఎండాకాలానికి వాగులో ఇసుక మిగిలింది.

మంద మళ్లీ కొండ ఎక్కింది. సగం దూరంలో తాత దారికి అడ్డంగా కూలబడ్డాడు.

వెనక వస్తున్న పోతయ్య ముఖం వెలిగిపోయింది. "ధర్నానా తాతా? మమ్మల్నీ కూర్చోమంటావా?"

"కాదురా," అన్నాడు తాత. "మోకాళ్లు."

చదువుకునే పిల్లలు ఇందులోంచి పట్టుకుపోవలసింది ఒక్కటే: ఏ పనికైనా ముందు మంచి ప్లాను ఉండాలి, లేకపోతే దేనికి అడ్డం పడుకోవాలో తెలియక పెద్దలు ఇబ్బంది పడతారు.