నిమ్మకాయ అడిగిన డ్రయ్యరు

మానవ చరిత్రను యంత్రాల రీత్యా మూడు యుగాలుగా విభజించవలసి ఉన్నది. యంత్రం ఆగితే తన్నిన యుగం మొదటిది. నూనె పోసిన యుగం రెండోది. కళ్లజోడు పెట్టుకుని దానివైపు చూసే యుగం మూడోది. మా చీపురుపల్లి ప్రాంతం ఈ మూడో యుగంలోకి పోయిన దసరానాడు, హారతి అయిన కాసేపటికి ప్రవేశించింది.

మొదటి యుగాన్ని నేను కళ్లారా చూశాను. మా ఊరి బియ్యం మిల్లు యజమాని షావుకారు లక్ష్మణరావుగారి తాత హయాంలో ఆ మిల్లులోనే ఆయిలింజను ఉండేది. దాని చప్పుడు గరివిడి దాకా వినపడేది. ఆ తాళానికి అలవాటుపడ్డ కోళ్లు, ఇంజను ఆగిన రోజున గుడ్లు పెట్టేవి కావు. (నమ్మనివాళ్లు ఆ కోళ్లనే అడగవచ్చు.) అది మొరాయిస్తే మిల్లు డ్రైవరు దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎత్తి తిట్టి, ఒక్క తాపు తన్నేవాడు. సిగ్గుపడి తిరిగేది.

ఇప్పుడంత మొరటుతనం చెల్లదు. విశాఖ నుంచి ఒక కంపెనీ వారొచ్చి, మిల్లులో మిషన్ల ఆరోగ్యం ఇకమీదట తామే చూసుకుంటామన్నారు. అందుకు రెండు సాధనాలు. ఒకటి కళ్లజోడు. దాని విద్య పేరు ఆగ్మెంటెడ్ రియాలిటీ. అంటే ఉన్నదాని మీద లేనిది కూడా కనపడుతుంది. (ఇదివరకు ఈ సౌకర్యం తాటితోపులో దొరికేది.) జోడు పెట్టుకుని మిషను వైపు చూస్తే ఏ బోల్టు వదులైందో, ఏ బెల్టు అరిగిందో ఆ పక్కనే గాలిలో అక్షరాలు లేస్తాయి. రెండోది క్లౌడు. అంటే ఎక్కడో దూరాన, చల్లని గదుల్లో కొలువున్న కంప్యూటర్లు. మన మిషను పూర్ణారోగ్యంతో ఉన్నప్పుడు ఆ జోడుతో చూసి రూపం పంపిస్తే, అక్కడ దానికొక కవల పుడుతుంది. ఆ తరవాత ఇక్కడి మిషనులో కవల పోలికలు తప్పాయంటే ఏదో జబ్బు చేసినట్టు లెక్క. జబ్బు నయమయ్యేదాకా, మానవ క్షేమం దృష్ట్యా, మోటారు తిరగదు.

ఎంత చక్కని నిబంధన! తప్పు పట్టడానికి ఎక్కడా సందు లేదు.

కవల పుట్టుకకు క్లౌడు వారు కేటాయించిన వేళ సరిగ్గా దసరానాడు పడింది. మార్చడానికి వీల్లేదన్నారు. కంపెనీ ఇంజనీరు పృథ్వీరాజ్ దిగేసరికి, ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరుకి ఆయుధపూజ అప్పుడే ముగిసింది. ఒంటినిండా పసుపు, కుంకుమ బొట్లు, మెడలో బంతిపూల దండ, మీటల పెట్టెకి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన తాడు. పెళ్లికూతురులా ఉంది.

"కాస్త తుడిపించమంటారా సార్?" అన్నాడు పృథ్వీరాజ్.

"ఎంత మాటన్నావు బాబూ! పూజ చేసిన మిషన్ని ఇవాళ ముట్టుకోకూడదు" అన్నారు లక్ష్మణరావుగారు.

కుర్రాడు బుద్ధిమంతుడు. జోళ్లు విప్పి, డ్రయ్యరుకి దండం పెట్టి, పులిహోర తిని, అప్పుడు కళ్లజోడు పెట్టుకున్నాడు. పూజ చేసినవారు పక్కనే ఉండాలి కదా అని షావుకారుగారు పట్టుపంచెతో, చేతులు జోడించి నిలబడ్డారు. జోడు అంతటినీ చూసింది. క్లౌడులో కవల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

తడి ధాన్యం వస్తే గాని డ్రయ్యరుకి పని ఉండదు. కార్తీకం దాకా అది హాయిగా నిద్రపోయింది. ఈలోగా పూలూ నిమ్మకాయా ఎండితే ఎవరో తీసి పారేశారు. అప్పుడు వచ్చింది వాయుగుండం.

మా వీధి దాలమ్మ, వరసకి నాకు మరదలు, కోసిన చేను మీద వాన పడింది. నానా తిప్పలూ పడి నూర్పించి, తడి ధాన్యం బస్తాలకెత్తించి, ట్రాక్టరు మీద మిల్లుకి తోలించింది. తోడుగా నేనూ వెళ్లాను. అమ్మకానికి కాదు. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అదే. వేళకి ఆరకపోతే మొలకలొచ్చేస్తాయి.

మిల్లు డ్రైవరు ఎర్రన్న కళ్లజోడు తగిలించి డ్రయ్యరు వైపు చూశాడు.

"ఏటి రాసున్నాదిరా?" అన్నాను.

"ముక్కలు పోనాయంట తాతా. పచ్చగా గుండ్రంటిది ఒకటీ, ఆకుపచ్చగా పొడుగ్గా ఇంకొన్నీ. ఆ కిందింకా సానా రాసున్నాది. అవన్నీ ఎట్టితే గాని తిరగదంట."

"నిమ్మకాయిరా అది! మిరపకాయిలు!" అంది దాలమ్మ. "దిష్టి తాడు అడుగుతన్నాది."

లక్ష్మణరావుగారు పృథ్వీరాజ్‌కి ఫోను చేశారు. అతను భోగాపురం దగ్గర ఇంకో మిల్లులో ఉన్నాడు. అక్కడ కవలకి గుమ్మడికాయ ఉన్నదట, మిల్లుకి లేదట.

"సార్, దాన్ని నిమ్మకాయ అనకండి" అన్నాడు పృథ్వీరాజ్. "రికార్డులో దాని పేరు భద్రతా గోళం. కంపెనీదే పెట్టాలి. బయట కొన్నది పెడితే వారంటీ పోతుంది."

"కంపెనీ నిమ్మకాయ ఎప్పుడొస్తుందయ్యా?"

"ఫిర్యాదు టికెట్ పెట్టాను సార్. విడిభాగాల విభాగం వారు తయారీదారు ఎవరని అడుగుతున్నారు."

(చెట్టు అని రాయమన్నాను. చెట్టు తమ దగ్గర నమోదు కాలేదట.)

దాలమ్మ ఒక బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చింది.

"ఒరే ఎర్రన్నా, సెయ్యెట్టి సూడరా, లోపల ఉడుకుతన్నాది! మీ గోళం వచ్చేసరికి నా గింజలకి కాళ్లొచ్చి ఇంటికెల్లిపోతాయి."

"నానేటి సేస్తానప్పా? వైరు కలిపేసి తిప్పగల్ను. సావుకారు ఒప్పుకోరు."

"వారంటీ, ఎర్రన్నా, వారంటీ" అన్నారు లక్ష్మణరావుగారు, లోపల పసిపిల్ల నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి.

అయినా గుట్టుగా సంతలోంచి ఒక నిమ్మకాయ తెప్పించి కట్టారు. జోడు దాన్ని ఎగాదిగా చూసి, 'నకిలీ. రంగు సరిపోలేదు' అన్నది. నిజమే. కవలది బాగా పండింది. ఇది కాస్త పచ్చిది.

చివరికి పృథ్వీరాజ్‌కే జాలేసింది. "మనలో మాట సార్. ఆ పూజేదో మళ్లీ ఉన్నదున్నట్టు చేసెయ్యండి" అన్నాడు.

కబురందుకుని జగన్నాధం పంతులుగారు గొడుగేసుకుని వచ్చారు. మిషన్ని చూశారు, ఆకాశాన్ని చూశారు, పంచాంగాన్ని చూశారు. "ఇవాళ అమావాస్య. ఆయుధాన్ని లేపకూడదు. రేపు పొద్దున్న చేద్దాం" అన్నారు.

"పంతులుగోరూ, వడ్లకి అమావాస్యేటండీ?" అంది దాలమ్మ.

"వడ్లకి లేదమ్మా. డ్రయ్యరుకి ఉంది" అన్నారాయన.

ఒక యంత్రం మీద ఇద్దరు అధికారులుంటే పని రెండింతలు పకడ్బందీగా జరుగుతుంది. ఆ రాత్రంతా వాన కురిసింది. దాలమ్మ బస్తాల పక్కనే కూచుంది.

తెల్లారి పూజ జరిగింది. పండిన నిమ్మకాయ, బంతిపూలు, బొట్లు ఎక్కడివక్కడ. ఎర్రన్న జోడు పెట్టుకుని ఒక్కొక్కటే ఒప్పజెప్పుకుంటూ వచ్చాడు. అన్నీ కుదిరాయి.

"ఇంకొకటి మిగిలిపోనాది బాబూ" అన్నాడు షావుకారుగారి వైపు తిరిగి. "నిలువు భాగం అంట. కుడిపక్కన ఉండాలంట. పట్టుపంచెతో, రెండు సేతులూ జోడించి."

లక్ష్మణరావుగారు ఇంటికెళ్లి పట్టుపంచె కట్టుకొచ్చి నిలబడ్డారు. డ్రయ్యరు బుస్సుమని లేచింది. అమ్మయ్య అని ఆయన ఒక అడుగు పక్కకి వేశారు. ఆగిపోయింది. మళ్లీ నిలబడ్డారు. లేచింది.

అలా ఆ రోజల్లా, దాలమ్మ ధాన్యం ఆరుతున్నంతసేపూ, షావుకారుగారు దాని ముందు చేతులు జోడించి నిలబడ్డారు. మధ్యాహ్నం ఇంటావిడ వచ్చి పెరుగన్నం ముద్దలు నోట్లో పెట్టారు. చీపురుపల్లిలో రైలు దిగినవాళ్లు కూడా ఆటోలు కట్టించుకుని వచ్చి చూసి పోయారు.

"నడుం పట్టేస్తోందే దాలమ్మా" అన్నారాయన ఒక వేళప్పుడు.

"అలాగే ఉంటాది బాబూ మొదట్లో" అంది దాలమ్మ. "మా తాతల నాటినుండీ మీ గుమ్మంలో మేం అలగే నిలబడ్డాం. ఓ కాలు మీద బరువేసి, కాసేపయ్యాక రెండో కాలు మార్సుకోండి. అలవాటైపోతాది."

సాయంత్రానికి కంపెనీ నుంచి అభినందనలు వచ్చాయి. మా మిల్లు నిర్వహణ ఆదర్శప్రాయమనీ, ఇకమీదట అన్ని మిల్లుల్లోనూ డ్రయ్యరు నడిచేటప్పుడు ఒక నిలువు భాగం తప్పనిసరి అనీ ఉత్తర్వు. ఆ భాగాన్ని వేళకి తినిపించవలెనని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది.

పై బస్తాలు గట్టెక్కాయి. అడుగు బస్తాలు విప్పితే గింజగింజకీ తెల్లటి మొలక. దాలమ్మ గుప్పెడు తీసి చూసుకుంది, మళ్లీ అందులోనే పోసేసింది. తిట్టలేదు. ఆవిడ తిట్టకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఒరే ఎర్రన్నా" అంది. "ఆ జోడు ఓపాలి నా బస్తాల మీదికి తిప్పి సూడరా. ఏటి సెప్తాదో."

ఎర్రన్న జోడు పెట్టుకుని మొలకలొచ్చిన బస్తాల వైపు చూశాడు.

"సదవరా."

"'ఇక్కడ యంత్రమేదీ లేదు. ఏ లోపమూ కనపడలేదు' అంటన్నాదప్పా."